దిగకూడని గీత

మే 6

ఈ పుస్తకం కొని రెండేళ్ళయింది. ఇవాళ మొదటి పేజీ తెరిచాను. మా ఆవిడ నా మాటలు వినడం మానేసింది కాబట్టి ఇక దీనికే చెప్పుకోవాలి. "ఆ పంపుల కంపెనీ గురించి ఇంకొక్క మాట మాట్లాడారంటే నేను ల్యాబ్‌లోనే మంచం వేసుకుంటాను" అంది పొద్దున చెప్పులు వేసుకుంటూ. హాస్పిటల్లో రక్తపరీక్షలు చేస్తుంది. రోజంతా జనం చేతులకు సూదులు గుచ్చి వచ్చే మనిషి, ఇంటికొస్తే నేను గుచ్చుతున్నానట.

ఇవాళ పంపుల కంపెనీ షేరు 448 దగ్గర ముగిసింది. ఫిబ్రవరిలో కొన్నది 380కి. ఇప్పటిదాకా ఇదే గరిష్ఠం. రోజువారీ ఊపు సగటున 12. మూడు రెట్లంటే 36. స్టాప్ 412 దగ్గర పెట్టాను.

సంతోషపడాల్సిన రోజు. అలసటగా ఉంది. మూడు నెలలుగా రోజూ తొమ్మిదింటి నుంచి మూడున్నర దాకా తెర ముందు కూర్చుంటున్నాను. నిజానికి కూర్చోవాల్సిన పనే లేదు. స్టాప్ ఆర్డరు వేసి ఉంది. ధర అక్కడికి దిగితే దానంతటదే అమ్ముడుపోతుంది. అయినా కూర్చుంటున్నాను. ఆ డబ్బు నాది కాదు, చెల్లిది.

మే 8

బీరువా తలుపుకి లోపలివైపు అంటించిన కాగితాన్ని ఇందులోకి ఎక్కిస్తున్నాను. రాస్తే బుర్రకెక్కుతుందని చిన్నప్పుడు అనేవారు.

"షేరు రోజుకి ఎంత ఊగుతుందో పద్నాలుగు రోజులు కొలిచి సగటు తీయాలి. ఎక్కిన గరిష్ఠానికి ఆ సగటుకు మూడు రెట్లు కింద గీత. ధర ఎక్కితే గీత ఎక్కుతుంది. ధర దిగితే గీత దిగదు. ధర గీతను తాకితే అమ్మేయాలి."

చేతిరాత నాది. "దిగదు" అన్న మాట కింద రెండుసార్లు గీసింది మాత్రం చెల్లి.

తను బట్టల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళు కుట్టింది. జనవరిలో వాళ్ళ లైను మూసేసి, లెక్క కట్టి చేతిలో పెట్టి పంపేశారు. సందు మలుపులో గడియారాలు బాగుచేసే ఆయన జూన్ ముప్పైకి కొట్టు ఖాళీ చేస్తాడు. అందులో కుట్టు షాపు పెట్టాలని తన ఆలోచన. అప్పటిదాకా "నీ దగ్గర ఉంచు అన్నయ్యా" అని తనే తెచ్చి ఇచ్చింది.

నేను ఊపు గురించీ మూడు రెట్ల గురించీ చెబుతుంటే మధ్యలో అడ్డు తగిలింది.

"అంటే లూజు పెట్టడమే కదా. కుర్చీలో కూర్చునే మనిషికి ఒక లూజు, వంగి లేచే మనిషికి ఇంకో లూజు. అందరికీ ఒకటే పెడితే ఒకరికి చంకలో చిరుగుతుంది, ఇంకొకరికి గోనెసంచిలా వేలాడుతుంది."

మూడేళ్ళు పుస్తకాలు ముందేసుకుని నేను నేర్చుకున్నది తను రెండు ముక్కల్లో తేల్చేసింది.

"కానీ అన్నయ్యా, ఆ లూజు ఎంతో గుడ్డ మీద కత్తెర పెట్టకముందే అనుకోవాలి. కోశాక అనుకుంటే కుదరదు."

అలా పడ్డాయి ఆ రెండు గీతలు.

మే 10, ఆదివారం

ఫోన్ చేసింది. ఎప్పుడూ ఆదివారం పదకొండింటికి చేస్తుంది. ధర ఎంతని అడగదు, లాభం ఎంతని అడగదు.

"గీత ఎక్కడుంది అన్నయ్యా?"

"412."

"సరే. వదినని అడిగానని చెప్పు."

అంతే. నాకు ధర ఎంతో చెప్పాలనిపిస్తుంది. తను అడగదు.

మే 13

431. ఊపు 13. లెక్క ప్రకారం 409 వస్తోంది. గీత దిగదు. 412.

మే 15

422. ఊపు 14.

కిందటేడు ఒక సిమెంటు కంపెనీ, అంతకుముందు ఒక రంగుల కంపెనీ. రెండింటిలోనూ నా సొంత డబ్బే. రెండుసార్లూ స్టాప్ తాకింది, అమ్ముడుపోయింది, మర్నాటికల్లా షేరు లేచి కూర్చుంది. సిమెంటుది మూడు నెలల్లో ఎంతకు పోయిందో ఇప్పటికీ చూస్తుంటాను. చూసి ఏం లాభమని మా ఆవిడ అంటుంది. లాభం కోసం కాదు.

మే 17, ఆదివారం

412 అని చెప్పాను. ధర 422లో ఉంది. గొంతులో తేడా ఏమీ రానివ్వలేదు.

మే 19

పదిన్నరకు 414. అప్పుడే ప్రొఫెసర్ ఫోన్ చేశాడు. ప్రొఫెసర్ అంటే కాలేజీలో చెప్పేవాడేం కాదు, ఒకప్పుడు ఇన్సూరెన్సు పాలసీలు అమ్మేవాడు. ఏది అడిగినా పాఠం మొదలుపెడతాడని మా షేర్ల గ్రూపులో ఆ పేరు పెట్టాం.

"మాస్టారూ, మీ స్టాప్ ఎక్కడ?"

"412."

"ఊరందరి స్టాపులూ అక్కడే ఉన్నాయి. మూడు రెట్లని పుస్తకంలో చదివిన ప్రతివాడూ అక్కడే పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దవాళ్ళకి తెలీదా? సరిగ్గా అక్కడిదాకా దింపి, మన దగ్గర చవగ్గా లాక్కుని, మళ్ళీ పైకి తీసుకుపోతారు. మీకు రెండుసార్లు అయింది కదా."

"ఇది మా చెల్లెలి డబ్బండీ."

"అందుకే చెప్తున్నా. ఊపు ఎంతకి పెరిగింది?"

"16."

"మరి 448లోంచి 48 తీసేయండి. 400. మీ ఫార్ములాయే చెప్తోంది కదా, మధ్యలో నేనెవర్ని?"

ఫోన్ పెట్టేశాక 413 అయింది. ఆర్డరు తీసేయడానికి రెండుసార్లు వేలు పెడితే చాలు. "రద్దు చేయాలా?" అని తెర అడిగింది. అవును అన్నాను. కొత్త ఆర్డరు 400 దగ్గర వేయాలి. వేయలేదు. వేస్తే అదీ పెద్దవాళ్ళకి కనిపిస్తుందని ప్రొఫెసర్ ఎప్పుడూ అంటుంటాడు. మనసులో పెట్టుకుంటే ఎవరికీ కనిపించదు.

నేను గీత దించలేదు. ఊపు పెరిగింది, గీత దానంతటది వచ్చి నిలబడ్డ చోటు 400. లెక్క తేడా వస్తే సరిచేసుకోవడం ఉద్యోగంలో ఇరవయ్యారేళ్ళు నేను చేసిన పనే.

మే 20

ముగింపు 406. పొద్దున 412 మీదుగా దిగిపోయేటప్పుడు చూస్తూనే ఉన్నాను. ఏమీ కాలేదు. ఆర్డరు లేదు కాబట్టి ఏమీ కాలేదు. ఒక పెద్ద లారీ పక్కనుంచి వెళ్ళిపోయినట్టు అనిపించింది.

మే 21

బీరువాలోంచి చొక్కా మా ఆవిడ చేతే తీయించుకున్నాను.

మే 24, ఆదివారం

"గీత ఎక్కడుంది అన్నయ్యా?"

"412."

అటునుంచి కాగితం తిప్పిన చప్పుడు.

"412 దగ్గరేనా?"

"అవునమ్మా."

"సరే."

వదినని అడిగానని చెప్పడం మర్చిపోయింది. నిజానికి నేను అబద్ధమాడలేదు. కాగితం ప్రకారం గీత 412 దగ్గరే ఉంది. తను అడిగింది కూడా గీత గురించే.

పై మూడు వాక్యాలూ చదివితే నాకే ఒళ్ళు మండుతోంది. కొట్టేయను. ఉండనీ.

మే 26

397. 400 దగ్గర అమ్మాలి. ఊపు 18 అయింది కాబట్టి 394. ఇంకా 3 ఉంది.

మే 28

391. ఊపు 19. మూడు రెట్లంటే సరిగ్గా 391. అమ్మాలి.

మూడు అనేది వేదవాక్కు కాదు. నాలుగు రెట్లు పెట్టుకునేవాళ్ళు లేరా? నాలుగు రెట్లయితే 372. ఇంత ఊగే షేరుకి మూడు పెట్టడమే మొదట్లో నేను చేసిన పొరపాటు.

ఈ మాట మా ఆవిడతో అన్నాను. ఉల్లిపాయలు కోస్తోంది. కత్తి ఆపలేదు.

"నిన్నటిదాకా మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా. ఇవాళ నాలుగోది మొలిచిందా?"

చెల్లి డబ్బు సంగతి అని తనకి తెలియదు. నా సొంత షేర్ల గురించనుకుంది. నవ్వాను.

మే 31, ఆదివారం

412.

జూన్ 2

ఏమీ తినబుద్ధి కావడం లేదు.

నేను పనిచేసిన ఫ్యాక్టరీలో నాది గేజీల సెక్షను. మిషన్ మీద తీసిన ముక్క కొలతకి సరిపోయిందా లేదా అని చూసే గేజీలు సరిగ్గా ఉన్నాయో లేదో నేను చూసేవాణ్ణి. ఒకసారి షిఫ్టు సూపర్‌వైజరు ఒక గేజీని దొంగతనంగా సానబట్టాడు. ముక్కలన్నీ వెంట్రుకవాసి లావు వస్తున్నాయి, రిజెక్టు అవుతున్నాయి, పైనుంచి ఒత్తిడి. గేజీని అరగదీస్తే ముక్కలన్నీ పాసైపోతాయి. నేను పట్టుకున్నాను. మేనేజరు ముందు నిలబెట్టాను. అతను "నేను ముక్క మార్చలేదు సార్, గేజీ కొంచెం బిగుతుగా ఉంటే సరిచేశానంతే" అన్నాడు.

అతని ముఖం ఇవాళంతా కళ్ళముందే ఉంది. రెండు నెలల జీతం కోయించాను. అప్పట్లో అది తక్కువ శిక్ష అనుకున్నాను.

జూన్ 4

384. 380 కంటే దిగితే చెల్లి తెచ్చి ఇచ్చిన అసలుకే కోత.

మా ఆవిడకి తెలిసిపోయింది. ఫోన్ ఛార్జింగులో పెట్టబోతూ తెర చూసింది. ఊరికే చూసి వదిలేసే మనిషి కాదు. బీరువా తెరిచి కాగితం చదివింది, మళ్ళీ వచ్చి తెర చూసింది, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది మీ చెల్లి డబ్బేనా?"

"ఊఁ."

"412 దగ్గర ఎందుకు అమ్మలేదు?"

చెప్పాను. ఊపు పెరగడం, పెద్దవాళ్ళు దింపడం, 459కో 470కో పోతే చెల్లికి మూడు కొత్త మిషన్లు వస్తాయన్నది, అంతా చెప్పాను. ఓపిగ్గా వింది. జబ్బు మనిషి చెప్పేది విన్నట్టు వింది.

"మూడో మిషను ఆవిడ అడిగిందా?"

"అడక్కపోతే మాత్రం ఇవ్వకూడదా? నమ్మి తెచ్చి ఇచ్చింది."

"తెచ్చింది దాచమని. బ్యాంకులో వేసిపెట్టమంది. ఆ సాయంత్రం నేను ఇక్కడే గోడకి ఆనుకుని నిలబడున్నాను. బ్యాంకులో పడుంటే ఏం పెరుగుతుందని మీరే అన్నారు. గంటసేపు కాగితం మీద బొమ్మలు గీసి చూపించారు."

నాకు అలా గుర్తులేదు. మే 8న రాసిన పేజీ తీసి చూసుకున్నాను. తనే తెచ్చి ఇచ్చిందని ఉంది. అది నిజమే, తనే తెచ్చి ఇచ్చింది.

"ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పేయండి. నేను చెప్తే చాడీ అవుతుంది. మీరు చెప్తే తప్పు ఒప్పుకున్నట్టుంటుంది."

"కొంచెం లేచాక చెప్తాను."

"లేచాక చెప్పేదాన్ని ఒప్పుకోవడం అనరండీ" అని లేచి వెళ్ళిపోయింది.

జూన్ 5

371 దగ్గర తెరుచుకుంది. పంపుల కంపెనీకి రావాల్సిన పెద్ద కాంట్రాక్టు వేరేవాళ్ళకి పోయిందట. నిన్న 384 దగ్గర ముగిసింది, ఇవాళ మధ్యలో ఎక్కడా ఆగకుండా 371. 372 దగ్గర అమ్మాలని మనసులో పెట్టుకున్నది మనసులోనే ఉంది.

ఇవాళ ఊపు కొలవలేదు.

తెర ముందు కూర్చోలేక చెప్పులు వేసుకుని బయటికి నడిచాను. ఎక్కడికని అనుకోలేదు గానీ సందు మలుపులోకే చేరాను. గడియారాలాయన కంటికి అద్దం బిగించుకుని చిన్న స్క్రూ ఏదో వెతుక్కుంటున్నాడు. సగం అరలు అప్పుడే ఖాళీ అయ్యాయి. గోడ మీద గడియారాలు తీసేసిన చోట గుండ్రటి మరకలు.

"మీ చెల్లెలు మొన్న వచ్చి కొలతలు తీసుకుంది" అన్నాడు తల ఎత్తకుండా. "కింద చూసుకుని నడవండి, చెరిపితే నన్ను తిడుతుంది."

గచ్చు మీద సుద్దతో గీసి ఉంది. కిటికీ పక్కన రెండు చిన్న చతురస్రాలు, మధ్యలో కత్తిరించే బల్లకి ఒక పొడుగాటిది. తలుపు తెరుచుకునే మేర కూడా వంపుగా గీసింది.

"మూడో మిషనుకి చోటు వదల్లేదా?" అన్నాను.

"నేనూ అడిగాను. రెండింటికే డబ్బు ఖాయంగా ఉందంది. చేతిలో ఉన్నదంతా ఊడ్చి కొట్టు ఓనరుకి సగం అడ్వాన్సు ఇచ్చేసింది, మీకు తెలుసుగా? మే ఇరవైనే ఇచ్చింది. మిగతా సగం ముప్పైకి. మిషన్లకీ చెప్పేసింది. ధైర్యస్థురాలు. మా అన్నయ్య గీత పెట్టాడు, దాని కింద నా డబ్బు పోదు అంది. అదేం గీతో నాకైతే అర్థం కాలేదు."

అప్పుడు నాకు అర్థమైంది. నేను నాలుగు నెలలుగా ధర చూస్తున్నాను. తను గీత చూస్తోంది. తన దృష్టిలో తన డబ్బు 448 కాదు, 380 కాదు, 412. ఆ గీత ఎంత ఉంటే అంతకు సుద్దతో గీసుకుంది. 371కి అమ్మితే ముప్పైన ఓనరుకి మిగతా సగం ఇవ్వగలదు, ఆ గచ్చు మీద రెండో చతురస్రంలో పెట్టుకోవడానికి మాత్రం మిషను ఉండదు.

నీళ్ళడిగి తాగాను. ఆయన గ్లాసు ఇస్తూ "వంట్లో బాలేదా?" అన్నాడు.

జూన్ 6

ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాను. ఎక్కడ ఆపాలంటారని అడిగాను.

"నేను ఎప్పుడో బయటికొచ్చేశాను మాస్టారూ. 412 దగ్గరే. మర్నాడు పొద్దున్నే. మీకు చెప్పాక ఎందుకో మనసొప్పలేదు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

జూన్ 7, ఆదివారం

మా ఆవిడ ఎదురుగా కూర్చుంది, కావాలనే. ఫోన్ స్పీకర్లో పెట్టమని సైగ చేసింది.

"గీత ఎక్కడుంది అన్నయ్యా?"

నోరు తెరిచాను. చెబుదామనే తెరిచాను.

"412."

"సరే అన్నయ్యా. ఉంటాను."

మా ఆవిడ లేచి పక్కగదిలోకి వెళ్ళి ఉతికిన బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టింది. అప్పటికే మడత పెట్టినవి విప్పి మళ్ళీ పెడుతోంది.

జూన్ 9

376.

జూన్ 10

379. మా ఆవిడ మాట్లాడటం లేదు. అవసరమైనవి మాట్లాడుతోంది. గ్యాసు, కరెంటు బిల్లు.

జూన్ 12

388. అసలు వచ్చేసింది. ఇప్పుడు అమ్మితే నష్టం లేదు. అమ్మి, చెల్లి దగ్గరికి వెళ్ళి, కాళ్ళమీద పడ్డంత పనిచేసి చెప్పేయొచ్చు. రెండు మిషన్లకి బదులు ఒకటే వస్తుంది, రెండోది నేను ఎలాగో చూస్తానని చెప్పొచ్చు. మూడున్నర దాకా ఇదే ఆలోచించాను. మూడున్నరకి మార్కెట్టు మూసేశారు.

జూన్ 14, ఆదివారం

412.

జూన్ 16

419!

పోయిన కాంట్రాక్టుకంటే పెద్దది వచ్చిందట. ఒక్కరోజులో ఇరవై ఐదు. వెంటనే 412 దగ్గర స్టాప్ ఆర్డరు వేశాను. ఇవాళ్టి నుంచి గీత నిజంగానే 412 దగ్గర ఉంది. ఇకమీద నేను చెప్పేది అబద్ధం కాదు.

రెండు పూటలా తిన్నాను.

జూన్ 19

472. కొత్త గరిష్ఠం. ఊపు 20. మూడు రెట్లు తీసేస్తే సరిగ్గా 412. దేవుడున్నాడు.

జూన్ 21, ఆదివారం

"గీత ఎక్కడుంది అన్నయ్యా?"

"412 తల్లీ" అన్నాను. నెల రోజుల తర్వాత మొదటిసారి హాయిగా చెప్పాను. ధర కూడా చెప్పబోయాను.

"ఇవాళ నీ గొంతు బావుంది" అంది. పెట్టేసింది.

జూన్ 24

459కి మొత్తం అమ్మేశాను. ముప్పై దగ్గర పడుతోంది, ఇంకా ఆశపడను. మూడు కొత్త మిషన్లు. నేను అన్న మాటే జరిగింది. ఇప్పుడు ఎవరేమంటారు?

మా ఆవిడతో చెప్పాను. చేతులు కడుక్కుంటోంది. ల్యాబ్ నుంచి వచ్చాక మోచేతుల దాకా చాలాసేపు కడుక్కుంటుంది.

"మంచిది" అంది.

"అంతేనా?"

"చూడకుండా రోడ్డు దాటారు. లారీ రాలేదు. మంచిదే కదండీ."

జూన్ 28, ఆదివారం

ఫోన్ రాలేదు. పదకొండింటికి చెల్లే వచ్చింది. భుజానికి కుట్టుపని సంచి. మా ఆవిడ టీ పెట్టడానికి వెళ్ళింది.

నేను ఆగలేకపోయాను. "459కి అమ్మాను. మూడు మిషన్లు కొనుక్కో" అన్నాను. ముఖం వెలుగుతుందని చూశాను.

తను సంచిలోంచి కొలతల పుస్తకం తీసింది. ఛాతీలు, నడుములు, చేతుల పొడవులు రాసుకునే పుస్తకం. చివరి పేజీ తిప్పి నా ముందు పెట్టింది. మే 10 నుంచి ఆదివారాల తేదీలు ఒకదాని కింద ఒకటి. ప్రతిదానికి ఎదురుగా 412. మే 24 నుంచి నాలుగింటికి పక్కన చిన్న చుక్క పెట్టి ఉంది.

"మే ఇరవైన ఓనరుకి డబ్బివ్వడానికి వెళ్తూ ధర చూశాను అన్నయ్యా. అదేమంత కష్టం కాదు, దారాల రేట్లు చూసే ఫోన్లోనే వస్తుంది. 406 ఉంది. హమ్మయ్య, 412 దగ్గర అమ్ముడైపోయింది, నా డబ్బు నాకు వచ్చేసింది అనుకున్నా. ఆ నిశ్చింతతోనే అడ్వాన్సు ఇచ్చొచ్చాను."

నేను టేబుల్ మీద గుడ్డ సర్దాను.

"ఆదివారం నీ నోటితో వింటే బావుంటుందని చేశాను. అమ్ముడైపోయింది తల్లీ అంటావనుకున్నా. 412 అన్నావు."

"చెప్పాల్సింది" అన్నాను.

"మొదటివారం భయమేసింది. రెండోవారం, ఇవాళ చెప్తాడు అనుకున్నా. మూడోవారం రేటు చూశాక వాంతయింది. బాత్రూములో కూర్చుని ఏడ్చి, ముఖం కడుక్కుని నీకు ఫోన్ చేశా. నాలుగోవారం ఇక అడగడం అలవాటైపోయిందంతే."

"అప్పుడే అడిగుండొచ్చు కదమ్మా. గట్టిగా అడిగుంటే..."

"అడిగాను కదా. ప్రతి వారం అడిగాను."

మా ఆవిడ టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"సరే, తప్పే" అన్నాను. "కానీ పోలేదుగా. పైగా వచ్చింది. మొత్తం నీదే."

"నాది మే ఇరవైన 412కి అమ్ముడైపోయింది. అంతే పంపించు. రెండు మిషన్లు, బల్ల, ముప్పైకి ఓనరుకి. సరిపోతుంది. ఆ తర్వాత ఆడింది నీ ఆట. అందులో వచ్చింది నాకు వద్దు."

"అదేంటి, పరాయిదానిలా మాట్లాడతావు?"

"371కి పడిన రోజు అమ్మేసుంటే, నాకు 412 లెక్కన ఇచ్చేవాడివా?"

"ఇచ్చేవాణ్ణే."

"ఎక్కణ్ణుంచి?"

చెల్లి వదిన చేతిలోంచి కప్పు అందుకుని టీ తాగింది. చక్కెర సరిపోయిందని కూడా చెప్పింది. వెళ్ళేటప్పుడు వదిన భుజం మీద చెయ్యి వేసింది. నాతో "వస్తాను" అంది, ఎప్పటిలాగే.

జూన్ 29

పది గంటలకి డబ్బు పంపాను. 412 లెక్కన. మిగిలింది నా ఖాతాలోనే ఉంది. దాన్ని ముట్టుకోవాలనిపించలేదు.

బీరువా తలుపుకున్న కాగితం పీకేశాను. జిగురుతోపాటు రంగు కూడా ఊడొచ్చింది.

మధ్యాహ్నం చెల్లి మళ్ళీ వచ్చింది. లోపలికి రాలేదు, మిషన్లకి డబ్బు కట్టే పనుందట. గుమ్మంలోనే నిలబడి ఒక కాగితం ఇచ్చింది. షాపు కోసం అచ్చువేయించిన కొత్త రసీదు పుస్తకంలోంచి చింపిన మొదటి కాగితం. నంబరు 1.

"ఇదెందుకమ్మా మన మధ్య?" అన్నాను.

"ఉండనీ అన్నయ్యా. ఇకనుంచి అన్నీ కాగితం మీదే పెట్టుకుంటున్నాను."

తను వెళ్ళిపోయాక కుర్చీలో కూర్చుని చదివాను. తేదీ ఉంది. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది. "పూర్తిగా ముట్టినది" అని ఉంది. "గారి నుండి" అన్న మాట అచ్చులోనే ఉంది, దాని ముందు ఖాళీ. ఆ ఖాళీలో అన్నయ్య అని రాయలేదు. ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు రాసింది. నలభై ఐదేళ్ళలో తను నా పేరు రాయగా చూడటం ఇదే మొదటిసారి.